అడిగితేనే సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన విద్యలు రెండే: నిటారుగా కూర్చోవడం, ఎవరినీ ఏదీ అడగకపోవడం. రెండూ ఇంటి నుంచి వచ్చినవే. మా ఊళ్లో మమ్మల్ని పెద్దింటివాళ్లు అంటారు. నేను పుట్టేనాటికి ఆ పెద్దరికంలో మిగిలింది ఒక ఇనుప గేటు. ప్రహరీ గోడ ఎప్పుడో వానకు కూలిపోయింది (మా వైపు వానకు కూలిందంటే ఆ గోడ ఎంత పాతదో మీరే ఊహించుకోండి). గేటు మాత్రం రెండు రాతి కంబాల మధ్య ఒంటరిగా నిలబడి ఉండేది. మేకలు, కోళ్లు, ఊరి జనం గోడ లేని వైపు నుంచి వచ్చిపోయేవాళ్లు. మేము మాత్రం గొళ్లెం తీసి, గేటులోంచి నడిచి, మళ్లీ గొళ్లెం పెట్టేవాళ్లం. ఇందులో నవ్వాల్సింది ఏదైనా ఉందని నాకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తోచలేదు. ఇక అడగకపోవడం సంగతి. మా నాయనకు నాయన, జేజినాయన, ఒకసారి పెనుకొండలో దిగాల్సింది పోయి సోమందేపల్లెలో దిగాడు. బస్సు ఆపమని కండక్టరును అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆపడం వాడి పని, అది నేను గుర్తు చేయాలా అని బిగుసుకుని కూర్చున్నాడు. అంత దూరమూ ఎండలో వెనక్కి నడిచొచ్చి, అట్లా తిరిగొచ్చినా అన్నాడట. ఈ కథను మా ఇంట్లో నవ్వడానికి చెప్పుకునేవాళ్లు కాదు, పిల్లలు నేర్చుకోవడానికి చెప్పేవాళ్లు.

చదువైపోయాక నాకు డ్రిప్పు పైపులు అమ్మే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. చీనీ (కోస్తావాళ్లకు బత్తాయి) తోటల్లో, టమాటా చేలల్లో తిరుగుతూ పైపులు ఎక్కడ పూడుకుపోయాయో చూడటం నా పని. (బంధువులకు నీటి పారుదల పని అని చెప్పేవాణ్ణి. అబద్ధమేమీ కాదు, నీరు పారేది, కాకపోతే చుక్కలు చుక్కలుగా.) మధ్యాహ్నం దాహమైతే రైతు ఇంట్లో మంచినీళ్లు అడగొచ్చు కదా. నేను తోట చివరికి పోయి, పైపు మూత విప్పి, దోసిలి నిండేదాకా కూర్చునేవాణ్ణి. ఒక రైతు ఇది చూసి, పైపు పరీక్ష చేస్తాండాడు, పనిమంతుడు అని మా మేనేజరుకు చెప్పాడట. ఆ నెల నన్ను మెచ్చుకున్నారు కూడా.

అనంతపురానికి ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రంలో ఒక మేడ గదిలో ముగ్గురం అద్దెకుండేవాళ్లం. ఒకడు బెంగళూరు సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరి, అది మూతపడితే ఇంటర్నెట్టు పని పట్టుకుని తిరిగొచ్చినవాడు. మాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి వాణ్ణి బెంగళూరన్న అనేవాళ్లం. రెండోవాడు ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్లవాడు. మగ్గం ఎక్కకుండా, పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద గడి గడికి రంగు నింపి డిజైన్లు గీసేవాడు. వాడి పేరు ధర్మవరమే అయిపోయింది. నా పేరు దొర. (గౌరవం కోసం పెట్టిన పేరని నేను రెండు నెలలు నమ్మాను.) కింది వాటాలో ఇంటివాళ్ల పెద్దమ్మాయి ఉండేది. స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆమె లెక్కలక్క. ఆమె నోట్లోంచి వచ్చే ప్రతి మాటా జవాబు పత్రం మీద ఎర్ర సిరాలా ఉండేది.

మా నలుగురినీ ఒక్కచోట కూర్చోబెట్టింది బెంగళూరన్న తెచ్చిన ఆట. దానికి గళ్లపలక ఉండదు, పావులుండవు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడాలి. ఒకడు కథ నడుపుతాడు: ముందర కొండ, దాని మీద కోట, తలుపుకు తాళం. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ మనిషిగా మాట్లాడతారు. ఒకడు గుర్రపు రౌతు, ఒకామె వైద్యురాలు, అట్లా. తాళం పగలగొడతాను అంటే సరిపోదు, ఆ మనిషికి ఆ పని వచ్చా రాదా అన్నది తేలాలి. దానికి ప్రతి మనిషికీ ఒక కాగితం, కాగితం నిండా నైపుణ్యాలు, ఒక్కొక్కదానికీ ఒక అంకె. ఇరవై ముఖాల పాచిక వేసి, పడినదాన్ని ఆ అంకెకు కలిపి, కథ నడిపేవాడు పెట్టిన హద్దు దాటిందా లేదా అని చూస్తారు. విదేశీ పుస్తకంలో ఇట్లాంటి నైపుణ్యాలు నలభైకి పైగా ఉండేవి. ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా కూడికలే. కోట తలుపు దగ్గర ధర్మవరం నిద్రపోయేవాడు. ఒకరోజు లెక్కలక్క పెన్సిలు కింద పెట్టి, వారమంతా నేను చేసేది ఇదే పని, ఆదివారం కూడా నాతో కూడికలు చేయిస్తే ఇంక నేను రాను అంది. అప్పుడు బెంగళూరన్న ఒక మాట చెప్పాడు. బెంగళూరులో ఆడేవాళ్లు ఈ నైపుణ్యాల భాగాన్ని తీసేసి తమ సొంత పద్ధతులు రాసుకుంటారట. మన్లో ఎవరైనా రాస్తే మనమూ దాంతోనే ఆడొచ్చన్నాడు. ఎవరూ నన్ను అడగలేదు. అయినా ఎవరికి ఏ పని వచ్చునో తేల్చే అధికారం పుట్టుకతోనే నాదని నాకు అనిపించింది.

నేను రాసిన మొదటి పద్ధతి పేరు వంశ పద్ధతి. దాని ప్రకారం మనిషికి వచ్చే విద్యలు వాడు నేర్చుకున్నవి కావు, మూడు తరాల నుంచి దిగివచ్చినవి. తాత కత్తి తిప్పితే మనవడికి కత్తి, ముత్తాత గుర్రమెక్కితే మునిమనవడికి గుర్రం. నా మనిషి ఒక పాలెగాడి మనవడు. వాడికి కత్తి, గుర్రం, ఈటె, న్యాయం చెప్పడం, మీసం దువ్వడంతో సహా పదహారు విద్యలు వచ్చాయి. ధర్మవరం మనిషికి నేత ఒక్కటే వచ్చింది. లెక్కలక్క పది నిమిషాలు ఏదో గీసి, ఈ లెక్కన దొర ఎప్పుడూ ఓడిపోడు, ధర్మవరానికి తలుపు తీసుకుని బయటికి పోవడం కూడా రాదు అని తేల్చింది. ధర్మవరం కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"మీ ముత్తాత గుర్రమెక్కినాడు, సరే. అక్క నేర్పిస్తానని ఎక్కిస్తే నువ్వు స్కూటీ మీద నుంచి రెండుసార్లు పడినావు గదప్పా. ఆ గుర్రం యాడికి పోయినాది?"

వంశ పద్ధతిని ఆ సాయంత్రమే చించేశాను.

రెండో పద్ధతి నాకు బత్తలపల్లె దగ్గర ఒక తోటలో దొరికింది. అక్కడ బావిలో మోటారు తాడు తెగి పడిపోయింది. దిగి కొక్కెం తగిలించాలి. నేను పోయేసరికి బావి గట్టున పదిమంది ఉన్నారు. ఒక మనిషి పంచె బిగించి, నేను దిగుతానన్నాడు. ఊరి పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి, నీకు దిగడం వచ్చా అని అడగలేదు. నువ్వు దిగింది ఎవరు చూసినారు అని అడిగాడు. ఆ మనిషి చుట్టూ కలయజూసి, గట్టు మీద కూర్చున్న ఒక ముసలామె వైపు తిరిగి, అవ్వా, నువ్వు చెప్పు అన్నాడు. ఆమె నోట్లో వక్క పక్కకు నెట్టి, మా బావిలో బిందె పడితే ఈడే దిగినాడు, చెప్పులతోనే దిగినాడు, బిందె తెచ్చినాడు గానీ చెప్పు ఒకటి పోగొట్టుకున్నాడు అంది. జనం నవ్వారు. పెద్దాయన తల ఊపాడు. వాణ్ణి దింపారు. పైపు మూతలు విప్పడం మరిచిపోయి నేను ఆ గట్టు మీదే నిలబడిపోయాను. వీళ్లకు అంకెలు అక్కరలేదు, పాచిక అక్కరలేదు. మనిషికి పని వచ్చంటే, వచ్చని చూసినవాళ్లు ఒకరుండాలి. అంతే.

నాలుగు రాత్రులు కూర్చుని సాక్ష్యాల పద్ధతి రాశాను. ఆట మొదట్లో అందరి కాగితాలూ ఖాళీ. ఏదైనా పని చేయాల్సి వచ్చినప్పుడు, బల్ల దగ్గర ఉన్న ఇంకొకరు, ఇతను ఈ పని చేస్తుండగా నేను ఒకసారి చూశాను అని ఆ సంగతి మూడు వాక్యాల్లో కల్పించి చెప్పాలి. చెప్పగానే ఆ విద్య అతని కాగితం మీదికి ఎక్కుతుంది, పక్కనే సాక్షి పేరు. ఒక్క ఆటలో ఒక్కో సాక్షి ఒక్కో మనిషికి ఒకసారే సాక్ష్యం చెప్పాలి. చివర్లో, బావి దగ్గర చూసిన ముచ్చట గుర్తుకొచ్చి, ఇంకో నియమం చేర్చాను: సాక్ష్యం కావాల్సినవాడు సాక్షిని నోరు తెరిచి అడగాలి, అడగకుండా ఎవరూ చెప్పకూడదు. ఇతరుల సంగతి ఎందుకు, మా జేజినాయన మనవడు ఈ నియమం ఎట్లా రాశాడని మీకు అనుమానం రావచ్చు. చెప్తాను. ఆ నాలుగు రాత్రులూ నా ఊహలో అడిగేవాళ్లు వాళ్లు, చెప్పేవాణ్ణి నేను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి దొరా, నా తరఫున ఒక మాట చెప్పు అంటారు, నేను కుర్చీలో కూర్చుని చెప్తుంటాను. నేను కూడా ఒకనాడు అడగాల్సి వస్తుందని నా మనసుకు తట్టనే లేదు.

పద్ధతి మా గదిలో బాగా ఆడింది. ఎంత బాగా అంటే, బెంగళూరన్న దాన్ని ఇంగ్లీషులో తిప్పి బెంగళూరులో తనకు తెలిసిన ఒక ఆటల అంగడికి పంపాడు. ఆ అంగడి నడిపే ఆమె ఏటా కొత్త పద్ధతులు కొన్ని ఏరి పుస్తకంగా అచ్చు వేసేదట. వచ్చే నెల హైదరాబాదు పోతూ దారిలో మీ దగ్గర ఆగి, మీతోనే ఆడి చూస్తాను అని జవాబు వచ్చింది. నేను చేసిన తప్పేమిటంటే, ఆ రాత్రే ఊరికి ఫోన్ చేసి నాయనకు చెప్పాను. పేరు పడతాదా అన్నాడు నాయన. పడుతుంది నాయనా అన్నాను. ఇంటి పేరు కూడానా అన్నాడు. ఇంటి పేరుతో సహా అన్నాను. మా ఇంటి పేరు పెళ్లి పత్రికల్లో తప్ప ఇంకెక్కడా అచ్చు కాక ముప్పయ్యేళ్లయింది. తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది. ఏం పుస్తకం అని ఎవరో అడిగితే, చట్టాలు రాస్తాండాడు మావాడు అని నాయన చెప్పాడట. ఆ వారం నాయన మంగలి దగ్గరికి పోయి గడ్డం గీయించుకున్నాడని, ఆయన ఇట్లా పండగ లేకుండా గీయించుకోవడం ఈ మధ్య ఎప్పుడూ చూడలేదని అమ్మ చెప్పింది. ఇంక ఆ పుస్తకంలో నా పద్ధతి రాకపోతే నేను ఊరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి? అది మాత్రమే నాకు భయం. ఆట బాగుంటుందా లేదా అన్న భయం లేదు.

ఆమె కోలారు వైపు మనిషి. యాభై ఏళ్లుంటాయి, కాటన్ చీర, తెలుగులో మధ్య మధ్య కన్నడం. కోలారు మేడమ్ అని మేము అప్పటికప్పుడే పేరు పెట్టుకున్నాం. మెట్లెక్కి వచ్చి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఖాళీ కాగితం ముందర పెట్టుకుని, సరే, మొదలుపెట్టండి అంది. కథ బెంగళూరన్న నడిపాడు. బత్తలపల్లె బావి సంగతి నేనే చెప్పి ఉన్నాను కాబట్టి అది కూడా కథలోకి లాగాడు: కరువు సీమ, కొండ మీద కోట, కోటలో పదేళ్ల కిందట ఎండిపోయిన పాత బావి, బావి అడుగున ఊటకు అడ్డంగా ఒక బండ. బండ తీస్తే ఊరికి నీళ్లు.

మొదటి గంట నేను కలగన్నట్టే నడిచింది. ధర్మవరం మనిషి కోట తాళం తీయాలి. వాడు లెక్కలక్క వైపు తిరిగి, అక్కా, చూసినావు గదా, చెప్పు అన్నాడు. ఆమె ఏమాత్రం ఆలోచించకుండా, మా చెల్లెలి పెళ్లిలో బీరువా తాళంచెవి పోతే ఈడే జడపిన్నుతో తీసినాడు, తీసినాక లోపలున్న లడ్డూలు కూడా తీసినాడు అంది. మేడమ్ నవ్వి తన కాగితం మీద ఏదో రాసుకుంది. లెక్కలక్క మనిషికి పాము మంత్రం కావాల్సి వస్తే ఆమె నన్ను అడిగింది. నేను గొంతు సవరించుకుని మూడు వాక్యాలకు బదులు తొమ్మిది చెప్పాను. మేడమ్ కూడా ఒక మనిషిగా ఆడుతూ, గోడ ఎక్కడానికి నన్నే అడిగింది. నేను అదీ అనుగ్రహించాను. అందరి కాగితాలూ నిండుతున్నాయి. నా కాగితం తెల్లగా ఉంది. నా పాలెగాడి మనవడు గంట నుంచి అందరి వెనకా హుందాగా నడుస్తున్నాడు తప్ప ఏ పనీ చేయలేదు. అది నాకు లోపంగా అనిపించలేదు. మా ఇంట్లో అందరం అట్లాగే బతికాం.

అప్పుడు బావి వచ్చింది. పెద్దింటివాడివి నువ్వే కదా, ముందు నువ్వు దిగు అని అందరూ నన్నే దింపారు. దిగడానికి విద్య అక్కరలేదు, తాడు కట్టి దింపుతారు. అడుగున బండను నా మనిషి కాలితో తన్నాడు. బండ కదిలింది. ఊట ఎగజిమ్మింది. సరిగ్గా అప్పుడే పైన తాడు తెగిందని బెంగళూరన్న చెప్పాడు. ఇప్పుడు పైకి ఎక్కాలన్నా, ఈదాలన్నా, ఊపిరి బిగబట్టి తేలాలన్నా నాకు ఏదో ఒక విద్య ఉండాలి. ఉండాలంటే ఎవరో ఒకరు చూసి ఉండాలి. చూశారని చెప్పించుకోవాలంటే నేను అడగాలి.

"నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినాయి. ఏం చేస్తావు దొరా?" అన్నాడు బెంగళూరన్న.

"ఏమీ లేదు. నిలబడతాను," అన్నాను.

ధర్మవరం బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"నడుము దాకా వచ్చినాయి."

"నిలబడతాను."

లెక్కలక్క నా వైపు ఎట్లా చూసిందంటే, పరీక్షలో జవాబు తెలిసి కూడా రాయని పిల్లవాణ్ణి చూసినట్టు. ధర్మవరం పెదవులు కదులుతున్నాయి, సాక్ష్యం వాడి నోట్లో తయారుగా ఉంది, బయటికి రానివ్వని నియమం రాసింది మాత్రం నేను.

"అడుగప్పా," అన్నాడు వాడు చివరికి, బతిమాలుతున్నట్టు. "ఒక్క మాట అడుగు. నేను చెప్తా. నువ్వు ఈతలో చేప అని చెప్తా."

నాకు నోరు తెరవాలని లేకపోలేదు. తెరిస్తే ఏ మాట వస్తుందో తెలియలేదు. ఇరవై మూడేళ్లలో ఆ మాట ఒక్కసారీ వాడలేదు, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. బెంగళూరన్న గొంతు మెత్తబడింది. నీళ్లు మెడ దాకా అన్నాడు. నిలబడతాను అన్నాను. గడ్డం దాకా అన్నాడు. తల ఎత్తి నిలబడతాను అన్నాను. ఆ తర్వాత, ఇంక దాకా అని చెప్పడానికి ఏమీ మిగల్లేదు దొరా అన్నాడు. అట్లా, ఒక కరువు సీమలో, పదేళ్ల తర్వాత నిండిన బావిలో, వీపు వంచకుండా నా వీరుడు మునిగి చనిపోయాడు. మా జిల్లాలో నీళ్లు ఎక్కువై చచ్చినవాడు బహుశా వాడొక్కడే.

మేడమ్ పెన్ను మూత పెట్టి, ఎందుకు అడగలేదు అంది. నా వీపు ఇంకా బిగిసే ఉంది. అడిగి తీసుకునేది యాచన అవుతుందండి అన్నాను. అట్లయితే అడక్కుండా ఇయ్యనిచ్చి ఉండొచ్చు గదా అంది. అది దయ అవుతుందండి అన్నాను.

"మరి మీకు ఏది ఇస్తే తీసుకుంటారు?" అంది ఆమె.

వెక్కిరించలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే కష్టమైంది. ధర్మవరం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, లెక్కలక్క పెన్సిలు చెక్కుతోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మేడమ్ సంచి సర్దుకుంటూ తన అభిప్రాయం చెప్పింది: పద్ధతి కొత్తగా ఉండాది, బల్ల చుట్టూ మనుషులు ఒకరినొకరు చూసుకుంటారు, అది నాకు నచ్చినాది, ఆ అడిగితేనే అన్న నియమం మాత్రం గొంతు పట్టుకుంటాండాది, అది తీసేస్తే బాగుంటాదేమో చూడండి. తర్వాత గడప దగ్గర ఆగి, మా అంగడిలో ఒక అలవాటు ఉండాది, మీది మాకు ఇయ్యండని మేము ఎవరినీ అడగం, వేయమని రాసినవాళ్లే అడగాల, ఇంతవరకు మీ స్నేహితుడు అడిగినాడు గానీ మీరు అడగలేదు అంది. నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. ఆమె మెట్లు దిగింది. కారు తలుపు వేసిన శబ్దం వినపడింది.

నేను గది మధ్యలో నిలబడ్డాను. నాయన గీయించుకున్న గడ్డం కళ్ల ముందు మెదిలింది. అంత నున్నగా గీసిన చెంపలతో ఆయన ఊళ్లో ఎవరెవరికి ఏమేమి జవాబు చెప్పుకోవాలో అనిపించింది. లెక్కలక్క వైపు చెయ్యి చాచి, అక్కా, తాళం అన్నాను. ఆమె స్కూటీ తాళంచెవి వేలికి తగిలించుకుని ఊపుతూ కూర్చుంది.

"తాళం ఏమి? మాట పూర్తిగా చెప్పు నాయనా."

"తాళం... ఇస్తావా అక్కా?"

"ఇస్తా. చూసి పో, గుంతలుండాయి," అంది ఆమె, ఎంతో మామూలుగా. నా జీవితంలో మొదటిసారి ఒకరిని ఒకటి అడిగాను. మిన్ను విరిగి మీద పడలేదు. తాళంచెవి చేతిలో పడింది.

చెరువు కట్ట మీదుగా స్కూటీ తీసుకుని పోయాను. (మూడోసారి కూడా పడ్డాను, కానీ చిన్నగా, బండి ఆగి ఉన్నప్పుడు. దాన్ని లెక్కలోకి తీసుకోను.) కట్ట దాటాక, రోడ్డు పక్క చీనీకాయల గుట్ట దగ్గర ఆమె కారు ఆగి ఉంది. ఆమె కాయలు ఏరుకుంటోంది. నేను ఆయాసపడుతూ ఆమె పక్కన నిలబడ్డాను. నోరు తెరిచాను. ఆ కాయ కాదండి, తొక్క నున్నగా, చేతికి బరువుగా ఉండేది చూడండి, మాకు ఒకప్పుడు చీనీ తోట ఉండేది, నాకు తెలుసు అన్నాను. ఇంకా చాలా చెప్పాను. నేను ఏరిన కాయలన్నీ సంచిలో వేసుకుని, ఆమె నా మోచేతికి అంటిన మట్టి వైపు చూసింది.

"చీనీకాయల సంగతి చెప్పడానికేనా ఇంత దూరం వచ్చినారు?"

కాదన్నాను. నేల వైపు చూశాను. నా పద్ధతి మీ పుస్తకంలో వేస్తారా అన్నాను. సరిగ్గా ఆ క్షణాన ఒక లారీ హారను కొట్టుకుంటూ మా పక్కనుంచి పోయింది. ఏమన్నారు అంది ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. పుట్టి బుద్ధెరిగాక ఆ రోజుదాకా నోరు దాటించని మాటను ఒకటే రోజు, ఒకటే రోడ్డు మీద, రెండుసార్లు అనాల్సి వచ్చింది. రెండోసారి గట్టిగా అన్నాను. కాయలు అమ్మే ఆయన కూడా తలెత్తి చూశాడు.

"చూద్దాం," అంది ఆమె. ఒక కాయ నా చేతిలో పెట్టి కారెక్కింది.

ఆ చూద్దాం నాలుగు నెలలు సాగింది. నాయన ఫోన్ చేసిన ప్రతిసారీ పుస్తకం గురించి తప్ప అన్నీ మాట్లాడేవాడు. (అడగని ఇల్లు కదా మాది.) చివరికి ఒకరోజు కొరియరు వచ్చింది. సన్నని పుస్తకం, అందులో నాలుగు పేజీలు నావి, పైన మా ఇంటి పేరు, ఒక అక్షరం కూడా తప్పు లేకుండా. నేను ముందుగా వెతికింది ఆ నియమం కోసం. ఆమె తీసేయలేదు. అడిగితేనే సాక్ష్యం అన్న మాట ఉన్నది ఉన్నట్టు ఉంది. పుస్తకం మధ్యలో ఒక చీటీ: తీసేద్దామనే అనుకున్నాను, మీరు స్కూటీ మీద వచ్చి రెండుసార్లు అడిగినాక చెయ్యి రాలేదు, అది కష్టమైన నియమమే గాని ఆడగలిగిన నియమమని నేను కళ్లారా చూసినాను. కింద సంతకం పెట్టే చోట, సాక్షి అని రాసి తన పేరు రాసింది.

పుస్తకం ఊరికి తీసుకుపోతే నాయన చాలాసేపు నేను చూపించిన ఇంటి పేరు మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. తర్వాత, ఇందులో ఏమి రాసినావో నాకు చదివి చెప్తావా అన్నాడు. నేను తలెత్తి చూశాను. మా నాయన నన్ను ఏదైనా చేసిపెట్టమని అడగగా నేను విన్నది అదే మొదలు. చదివి చెప్పాను, నా వీరుడు బావిలో మునిగిన సంగతి కూడా చెప్పాను. అక్కడికి వచ్చేసరికి ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, నవ్వినందుకే అని నేను అనుకున్నాను.

ఆ రోజుల్లో బావిలో నిలబడిన ఆ అబ్బాయిని తలుచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు. ఎంత కష్టపడి మునిగాడో పాపం అనిపిస్తుంది. ఏడాదికి ఒకసారి మేము నలుగురం కలుస్తాం. ధర్మవరం జుట్టు నెరిసింది, లెక్కలక్క హెడ్మిస్ట్రెస్సు అయింది, బెంగళూరన్న కళ్లజోడు తీస్తే పాచిక అంకె చదవలేడు. ఇప్పటికీ సాక్ష్యాల పద్ధతిలోనే ఆడతాం. నా వంతు వచ్చినప్పుడు మాత్రం ముగ్గురూ కాగితాలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, నాలుక చివర సాక్ష్యం పెట్టుకుని, నేను ఎప్పుడు నోరు తెరుస్తానా అని నా ముఖంలోకే చూస్తూ కూర్చుంటారు. అడుగుతాను, తప్పకుండా అడుగుతాను. కాకపోతే, వాళ్లు అట్లా చూస్తూ ఉండటం బాగుంటుంది కాబట్టి, కావాలనే కొంచెం ఆలస్యం చేస్తాను.